జనులను ప్రేమించిన గురజాడ అప్పారావుగారు

చదువవలసిన వాక్యభాగములు: నెహెమ్యా 1:1-4, ఆమోసు 2:6-7, లూకా 10:25-37, అపొస్తలుల కార్యములు 10:9-35.



క్రైస్తవులకు దేశభక్తి కలదా అని మన పల్లెలలో అప్పుడప్పుడు కొందరు అడుగుచుందురు. మన మతము పరదేశమునుండి వచ్చినది గనుక మన మనస్సులును పరదేశము మీదనే యుండునని వారి తలంపు. ఈ మాట విని కోపముతో జవాబు చెప్పువారు మనలో కలరు. తల వంచుకొని ఊరకుండువారును కలరు. అయితే ఆ ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలెను. దేశభక్తి యనగా నేమి? దేనిని ప్రేమించినయెడల దేశమును ప్రేమించినట్లగును? ఈ నెల మనము ఈ సంగతిని ఒక మహనీయుని జీవితమునుండి తెలిసికొందము. ఆయన మన సంఘములకు చెందినవాడు కాడు. కాని ఆయన చిన్ననాటి చదువు మన చీపురుపల్లిలోనే సాగినది. ఆయనే మహాకవి గురజాడ వేంకట అప్పారావుగారు.

బాల్యము, విద్య

అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్నము జిల్లా, యలమంచిలి దగ్గరనున్న రాయవరములో, తన మేనమామగారి యింట జన్మించిరి. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. వారిది బ్రాహ్మణ కుటుంబము. తండ్రి విజయనగరము సంస్థానములో ఉద్యోగి. ఆయన ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో నివసించుటచేత పిల్లవాడు ఇక్కడి బడిలో చదువుకొనెను. అప్పటికి మన ఊరికి రైలు రాలేదు. ఎడ్లబండ్లును కాలినడకయే ఆధారము. ఈ ప్రాంతపు రైతులు, కూలీలు, బండ్లు తోలువారు మాటలాడుకొను భాష ఆ పిల్లవాని చెవులలో పడెను. ఆ భాషయే తరువాత ఆయన చేతిలో గొప్ప సాధనమాయెను.

తండ్రి గతించిన తరువాత అప్పారావుగారు విజయనగరమునకు వచ్చిరి. దిక్కులేని ఆ కుర్రవానిని అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు తన యింటనుంచుకొని, అన్నము పెట్టి చదివించిరి. ఒక పేద విద్యార్థికి పెట్టిన ఆ అన్నము ఎంతటి ఫలము నిచ్చెనో చూడుడి. మన యిండ్లలో అట్టి పిల్లవానికి ఒక చాప, ఒక విస్తరి దొరకునా అని మనలను మనము అడుగుకొనవలెను.

అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైరి. ఆ 1884లోనే నెలకు 25 రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరిరి. 1886లో బి.ఏ. పట్టము పొంది, 1887లో కళాశాలలో అధ్యాపకులైరి. తరువాత ఆనంద గజపతి మహారాజుగారి ఆదరణ పొంది, సంస్థానములో శాసనములను పరిశోధించు పని చేసిరి. 1897లో మహారాజుగారు గతించిన పిమ్మట, ఆయన సోదరియగు రీవా మహారాణిగారియొద్ద కార్యదర్శిగానుండిరి. ఆయన శరీరము బలహీనమైనది, తరచుగా జబ్బుపడుచుండెడివారు. అయినను చదువు మానలేదు, వ్రాత మానలేదు.

చంటిబిడ్డలకు కట్టిన వెల

ఆ దినములలో ఈ ప్రాంతపు కొన్ని బ్రాహ్మణ కుటుంబములలో ఒక దురాచారము ప్రబలియుండెను. చిన్న ఆడపిల్లకు వెల కట్టి, రొక్కము తీసికొని, ముసలివానికి ఇచ్చి పెండ్లిచేసెడివారు. దీనికి కన్యాశుల్కమని పేరు. ఆనంద గజపతి మహారాజుగారు విశాఖపట్నము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన అట్టి పెండ్లిండ్ల పట్టిక వ్రాయించిరి. ఆ పట్టికలోని లెక్కలను అప్పారావుగారు తన పుస్తకపు పీఠికలో పొందుపరచిరి. లెక్కకు వచ్చినవి 1,034 పెండ్లిండ్లు. వారిలో 99 మంది అయిదేండ్ల పిల్లలు. 44 మంది నాలుగేండ్లవారు. 36 మంది మూడేండ్లవారు. 6 గురు రెండేండ్లవారు. 3 గురు ఏడాది బిడ్డలు! ఆ చంటిబిడ్డలకు కట్టిన వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు. కడుపులోనున్న శిశువుకుకూడ బేరము కుదుర్చుకొనువారు ఉండిరట.

ప్రియులారా, ఆమోసు ప్రవక్త దినములలో ఇశ్రాయేలీయులు బీదవానిని ఒక చెప్పుల జోడుకు అమ్మివేసిరని వాక్యములో చదువుచున్నాము. ప్రవక్త మొదట చుట్టునున్న అన్యజనుల పాపములను ఒక్కొక్కటిగా చెప్పి, వినువారు సంతోషించుచుండగా, చివరకు తన జనులవైపే తిరిగెను. అప్పారావుగారును తన సొంత కులమువారి యింటిలోని తప్పునే మొదట ఎత్తి చూపిరి. ఇతరుల తప్పు చూపుట సులువు. తన చావడిలో కూర్చున్నవారి తప్పు చూపుటకు ధైర్యము కావలెను.

ఈ దురాచారమును ఖండించుటకై ఆయన కన్యాశుల్కమను నాటకమును వ్రాసిరి. అది 1892 ఆగస్టులో విజయనగరములో మొదటిసారి ప్రదర్శింపబడెను. 1897లో అచ్చయ్యెను. తరువాత దానిని మిక్కిలి పెంచి, మార్చి, 1909లో మరల ప్రకటించిరి. అందులో డబ్బుకు ఆశపడి పసికూతురును ముసలివానికి ఇవ్వజూచు తండ్రి కలడు. ఇంగ్లీషు చదువు చదివి, సంస్కరణల మాటలు పలుకుచు, లోపల మోసము నింపుకొనిన గిరీశము కలడు. లోకము తృణీకరించు వేశ్యయైన మధురవాణియందు, పెద్దమనుష్యులయందు కనబడని దయ కనబడును. ఈ సంగతి సువార్తలు చదువువారికి క్రొత్త కాదు. పరిసయ్యుని యింటిలో ప్రభువుయొక్క పాదములను కన్నీళ్లతో కడిగినది ఎవరో మనకు తెలియును.

నాటకము చూచి జనులు నవ్విరి. నవ్విన తరువాత సిగ్గుపడిరి. కోపముతో తిట్టినచో తలుపు మూసికొనెడివారు ఆ నవ్వు వలన తలుపు తీసిరి.

సముద్రమునకు ఆవల ఒక సహోదరుడు

ఇదే కాలములో, బంగాళాఖాతమునకు ఆవల, ఫిలిప్పీను ద్వీపములలో మరియొక రచయిత తన జనులకొరకు వ్రాయుచుండెను. ఆయన పేరు హొసే రిజాల్. 1861లో, అనగా అప్పారావుగారికంటె ఒక సంవత్సరము ముందు, ఆయన జన్మించెను. ఆ ద్వీపములను 1565 మొదలు స్పెయిను దేశస్థులు పాలించుచుండిరి. అక్కడ క్రైస్తవ సన్యాసుల మఠములే గొప్ప భూస్వాములు. పల్లెలలో వారి మాటయే శాసనము. 1872లో, స్వదేశ గురువులకును సమాన హక్కులుండవలెనని కోరిన పక్షమునకు చెందిన ముగ్గురు గురువులను, తిరుగుబాటు నేరము మోపి ప్రభుత్వము చంపించెను. ఆ మరణములు బాలుడైన రిజాల్ మనస్సులో నాటుకొనెను.

రిజాల్ పెరిగి కంటి వైద్యుడై, 1887లో ఒక నవలను ప్రకటించెను. దాని పేరు లాటిను భాషలో నున్నది. అది యోహాను సువార్త 20వ అధ్యాయము 17వ వచనములో, పునరుత్థానుడైన ప్రభువు మగ్దలేనే మరియతో తన్ను ముట్టుకొనవద్దని చెప్పిన మాటయే. ఎవరును తాకుటకు సాహసింపని ఒక పుండు తన దేశమునకు కలదని, దానిని దాచక చూపినగాని స్వస్థత లేదని ఆయన తలంచెను. స్పెయినువారి అన్యాయమునే కాదు, తన జనుల పిరికితనమును, డంబమునుకూడ ఆ పుస్తకములో చూపించెను. ఆయన కత్తి పట్టలేదు. అయినను ప్రభుత్వము ఆయనను నాలుగేండ్లు దూరప్రదేశములో ప్రవాసముననుంచి, 1896 డిసెంబరు 30వ తేదీన మనీలా పట్టణములో తుపాకులతో కాల్చి చంపెను. అప్పటికి ఆయన వయస్సు 35 ఏండ్లు. ఆ మరణముతో ఆ ద్వీపముల జనులలో తామందరు ఒక జాతియను తలంపు మరింత బలపడెను. అక్కడ రిజాల్ రక్తము చిందిన కొద్ది దినములకే, ఇక్కడ కన్యాశుల్కము అచ్చుయంత్రమునుండి వెలువడెను.

ఈ సంగతి చదివి, అది వేరొక శాఖవారి తప్పని మనము అతిశయింపరాదు. క్రీస్తు నామమును ధరించి అధికారమును, భూమిని, డబ్బును పట్టుకొనిన ఏ సంఘమైనను ఆ పాపములో పడగలదు. సంఘపు ఆస్తికొరకు కోర్టుల చుట్టు తిరుగు మనము ఇతరులమీద రాయి వేయుటకు ముందు యోచింపవలెను.

బండివాని ప్రశ్న

మన దేశమునందును ఆ కాలమున జాతీయభావము మొలకెత్తుచుండెను. 1885లో కాంగ్రెసు మహాసభ ఏర్పడెను. 1887లో విజయనగరములో జరిగిన కాంగ్రెసు సభలో అప్పారావుగారు మాటలాడిరి. కాని ఆ సభలలో ఇంగ్లీషు వచ్చిన ప్లీడర్లును ఉద్యోగస్థులునే గాని, పొలములో పనిచేయువాడు లేడు. ఇది ఆయన కంటికి కనబడెను. కన్యాశుల్క నాటకములో ఒక చక్కని సంగతి యున్నది. గిరీశము తాను ప్రయాణము చేసిన బండివానికి కాంగ్రెసు గొప్పతనమునుగూర్చి రెండు గంటలు ఉపన్యాసమిచ్చెనట. అంతయు విని ఆ బండివాడు, తమ ఊరి హెడ్ కానిస్టేబులును కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేయుదురని అడిగెనట!

గిరీశము వానిని తెలివిలేనివాడని తిట్టుకొనెను. కాని తెలివి ఎవరియొద్ద నున్నది? పేదవానికి రాజ్యమనగా లండను పట్టణము కాదు. తన ఊరిలో తన్ను బాధపెట్టు చిన్న అధికారియే రాజ్యము. ఆ బాధ తీర్చని స్వాతంత్ర్యము వానికి వట్టిమాట. యెరూషలేము గోడలు పడిపోయినవని విని నెహెమ్యా కూర్చుండి యేడ్చెను. అయితే గోడ కట్టుచున్నప్పుడు, బీదలు తమ పొలములను కుదువపెట్టి, పిల్లలను దాసులుగా అప్పగింపవలసివచ్చెనని మొరపెట్టగా, ఆయన ఆ మొరను ముందు వినెను. అయిదవ అధ్యాయములో ఈ సంగతి యున్నది. గోడ ఎత్తుగా లేచి, లోపల పేదవాడు అమ్ముడుపోయినయెడల ఆ గోడ ఎవరికొరకు?

దేశభక్తి గీతము

1905లో బంగాళా రాష్ట్రమును రెండుగా చీల్చినప్పుడు వందేమాతరము ఉద్యమము లేచి, మన ఆంధ్ర పట్టణములకును వ్యాపించెను. ఆ వేడి దినముల తరువాత, 1910లో, అప్పారావుగారు దేశభక్తి అను గీతమును వ్రాసిరి. అది మన పిల్లలకు బడిలో కంఠపాఠమే. అందులోని భావమును చూడుడి. నేలను, కొండలను, గతించిన ప్రతాపమును పొగడుటతో ఆయన తృప్తిపడలేదు. ఆ నేలమీద బ్రతుకు మనుష్యులే దేశమని బోధించిరి. వారికి కడుపునిండ తిండి కావలెను. పంటలు పెరుగవలెను. చేతిపనులు నేర్చి, మన సరకులు పరదేశములలో అమ్ముడుపోవలెను. గొప్పలు చెప్పుకొనుట మాని ఏదైన మేలు చేసి చూపవలెను. తన లాభము కొంత విడిచి పొరుగువానికి సాయపడవలెను. మతములు వేరైనను అన్నదమ్ములవలె చెట్టపట్టాలు పట్టుకొని నడువవలెను.

ఇందులో ఏ జాతిమీదను ద్వేషము లేదు. మంచి సమరయునిగూర్చిన ఉపమానము ఎరిగిన మనకు ఈ మార్గము క్రొత్తది కాదు. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగెను. ప్రభువు ఆ ప్రశ్నను తిప్పి, గాయపడినవానికి పొరుగువాడైనది ఎవడని అడిగెను. దేశభక్తునికిని అదే పరీక్ష. దారిలో పడియున్నవానిని చూచి దాటిపోయిన యాజకుడు ఎట్టివాడో, ఆకలిగొన్నవానిని దాటిపోయి జెండాకు వందనము చేయువాడును అట్టివాడే.

ఆకలిగొన్న రాజు, ఆకలిగొన్న పేతురు

అప్పారావుగారు లవణరాజు కల అను మరియొక కావ్యము వ్రాసిరి. ఒక రాజు సభలో కూర్చుండి, గారడీవాని మాయవలన ఒక కల కనెను. ఆ కలలో అడవిలో దారితప్పి, ఆకలిచేత సొమ్మసిల్లెను. అప్పుడు అన్నము తెచ్చినది ఒక మాలపిల్ల. ఆ అన్నము తిని ఆమెను పెండ్లాడి, ఆమె జనులలో ఒకడై బ్రతికెను. మనుష్యులలో మంచివారు, చెడ్డవారు అను భేదము తప్ప వేరు కులభేదము లేదని కవి ఆ కథవలన తేటపరచిరి. వంద ఏండ్లకు పూర్వము ఒక బ్రాహ్మణ కవి ఈ మాట వ్రాయుట సామాన్యమైన సంగతి కాదు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము ఈ కథప్రక్కన పెట్టి చదువుడి. యొప్పేలో మిద్దెమీద పేతురు ప్రార్థనచేయుచు మిక్కిలి ఆకలిగొనెను. అప్పుడే పరవశుడై ఆకాశమునుండి దిగివచ్చిన దుప్పటివంటి దానిని చూచెను. దేవుడు పవిత్రము చేసినదానిని నిషిద్ధమని చెప్పరాదని నేర్చుకొనెను. రాజుకును ఆకలిలోనే బుద్ధివచ్చెను, అపొస్తలునికిని ఆకలిలోనే కన్ను తెరవబడెను. కడుపు నిండియున్నప్పుడు మనము కులములు లెక్కించుదుము. ప్రాణముమీదికి వచ్చినప్పుడు నీళ్లు ఇచ్చినవాని కులము అడుగము. అయితే పేతురు మేలుకొనిన తరువాత ఊరకుండలేదు. మెట్లు దిగి, కొర్నేలీ యింటికి నడిచివెళ్లెను. దర్శనము మేడమీద వచ్చును. విధేయత క్రిందికి దిగి నడువవలెను.

జనుల భాష

సాహిత్యమంతయు పండితులకే తెలియు భాషలో నుండరాదని, జనులు మాటలాడు భాషలో నుండవలెనని అప్పారావుగారు పోరాడిరి. ఈ పోరాటములో ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన సవరల భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టిన పుణ్యాత్ముడు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు సంఘములో అధికసంఖ్యాకులు గ్రాంథిక భాషవైపు నుండగా, అప్పారావుగారు భిన్నాభిప్రాయమును వ్రాసి సమర్పించిరి. ఆనాడు ఆయన ఓడిపోయిరి. తరువాత తెలుగుదేశమంతయు ఆయన దారినే నడిచెను.

పెంతెకొస్తు దినమున కూడివచ్చిన ప్రతివాడును తన సొంత భాషలో దేవుని గొప్పకార్యములను వినెను. 1805లో విశాఖపట్నమునకు వచ్చిన లండను మిషను బోధకులు మొదట చేసిన పనులలో సువార్తలను తెలుగులోనికి మార్చుట యొకటి. పేదవానికి తెలియని మాట పేదవానికి సువార్త కాదు. మన బోధకులును పెద్దలును ప్రసంగించునప్పుడు, వెనుకవరుసలో కూర్చున్న అవ్వకు బోధపడుచున్నదా అని చూచుకొనుట మంచిది.

చివరి దినములు

అప్పారావుగారు 1913లో ఉద్యోగమునుండి విరమించిరి. అప్పటికి ఆరోగ్యము చాల క్షీణించెను. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరములో కన్నుమూసిరి. అప్పటికి వయస్సు 53 ఏండ్లు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఇంకను 32 ఏండ్లు పట్టెను. తన పాట ఇన్ని నోళ్లలో నానుననియు, ప్రతి బడిలో పాడుదురనియు చూడకుండనే వెళ్లిపోయిరి. విత్తువాడొకడు, కోయువాడొకడు అను సామెత సత్యమని ప్రభువు సమరయలో శిష్యులతో చెప్పెను.

ఆయన బ్రిటిషు ప్రభుత్వమునకు విరోధముగా ఉద్యమము నడపలేదు. సంస్థానములో కొలువు చేసిరి. రిజాల్‌వలె ప్రాణము బలియిచ్చిన వీరుడు కాడు. దేవుడు అందరికి ఒకే పని ఇయ్యడు. అయితే పరదేశపు దొర వెళ్లిపోయినను, ఇంటిలోని దురాశ వెళ్లనియెడల జనులు స్వతంత్రులు కారని ఆయన ముందే చూచిరి.

మన మాట

ప్రియులారా, కన్యాశుల్కము పోయినదని సంతోషింపవచ్చునా? దానిని తలక్రిందులు చేసి మనము వరకట్నము తెచ్చుకొంటిమి. నాడు పిల్లను కొనిరి. నేడు పిల్లవానిని కొనుచున్నాము. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చెను. అయినను కట్నము రొక్కముగా, బంగారముగా, బండిగా చేతులు మారుచునే యున్నది. మన సంఘములలో అది లేదని ఏ కాపరి ధైర్యముగా చెప్పగలడు? బలిపీఠము ముందర దీవెన పలుకుటకు ముందు రాత్రి, పందిరి క్రింద బేరము జరిగినయెడల, ఆమోసు మాట మనకే తగులును. తీర్పు దేవుని యింటియొద్దనే ఆరంభమగునని పేతురు వ్రాసెను.

కులము మాటయు అట్టిదే. యూదుడు, గ్రీసుదేశస్థుడు అను భేదము క్రీస్తునందు లేదని గలతీ పత్రికలో చదివి, పెండ్లి సంబంధమునాడును సంఘపు ఎన్నికలనాడును మన పాత పేర్లను వెదకుచున్నాము. ఇట్లు చేయుచు, మనకు దేశభక్తి లేదనువానికి ఏమి జవాబు చెప్పుదుము?

మాటలతో జవాబు అక్కరలేదు. ఈ నెలలో ఒక్క పని చేయుదము. చదువు మానుకొను ఒక పేద పిల్లవానికి, ఏ కులమువాడైనను ఏ మతమువాడైనను, పుస్తకములో భోజనమో అమర్చుదము. పెండ్లియీడు కుమారులుగల తలిదండ్రులు కట్నము అడుగమని సంఘపెద్దలయెదుట ఒప్పుకొనవలెను. చూచిన సహోదరుని ప్రేమింపనివాడు చూడని దేవుని ప్రేమింపలేడని యోహాను వ్రాసెను. మన పొలముగట్టున, మన బావియొద్ద, మన బస్సులో కనబడు మనిషిని ప్రేమించుటయే దేశభక్తి.

ప్రార్థన: సర్వజనములకు తండ్రివైన దేవా, యెరూషలేమును చూచి యేడ్చిన నీ కుమారుని కన్నీటిలో మాకును భాగమిమ్ము. మా ఊరిని, మా దేశమును, అందులోని ప్రతి మనిషిని ప్రేమించు హృదయము దయచేయుము. మా యింటిలోని తప్పును మొదట చూచుకొను ధైర్యము అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.